చిల్లకల్లులో తీసిన ఫోటోలు

విజయవాడ వెళ్తుంటే చిల్లకల్లు దగ్గర మా పాత కారు పొగలు కక్కి ఆగిపోయింది. రోడ్డు పక్కనున్న మెకానిక్ చూసి, వాటర్ పంపు పోయిందన్నాడు. ఆ మోడల్‌ది జగ్గయ్యపేటలో దొరకలేదు. నందిగామ షాపువాళ్లు బస్సులో పంపేసరికి మూడు గంటలు పట్టింది.

అంతకుముందు హైదరాబాదులో ఒక షెడ్డువాళ్లు నా కొత్త బ్యాటరీ తీసేసి పాతది పెట్టారు. ఆ భయంతో, ఇతను విప్పుతున్న ప్రతి పార్టునీ ఫోన్‌లో ఫోటో తీశాను. అతను తలెత్తి చూశాడు.

"ఫోటోలు దేనికండీ?"

"ఊరికే, గుర్తుకి," అని అబద్ధమాడాను.

అతను పక్కకి జరిగాడు. "నా నీడ పడతందండి. ఇప్పుడు తీసుకోండి, పార్టు మీద నంబర్లు కూడా కనపడతాయి. ఇదివరకెవరో మిమ్మల్ని మోసం చేసుంటారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను తలదించుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తప్పయిందని మాత్రం అనలేకపోయాను. బయల్దేరేటప్పుడు అతను నా నంబరు తీసుకున్నాడు.

నందిగామ దాటాక ఫోన్ మోగితే, కారు పక్కకి ఆపి ఎత్తాను.

"నేనండీ, చిల్లకల్లు మెకానిక్‌ని. మీటర్లో వేడి ముల్లు పైకెక్కుతందా?"

"లేదండీ, సగంలోనే ఉంది."

"హమ్మయ్య. ఇందాకట్నుంచి మీ బండి గురించే ఆలోచిస్తన్నా."

ఆయన పేరడగాలనుకున్నాను. మూడు గంటలు పక్కనే నిలబడి అడగనిది, ఇప్పుడు అడగడానికి సిగ్గేసి, "ఉంటానండీ" అని పెట్టేశాను.