చదివి వినిపించేదాకా సంతకం లేదు

నా భార్య పోయిన నెల చనిపోయింది. గుండెనొప్పి అంది. ఆసుపత్రికి వెళ్లే టాక్సీ నాగ్‌పాడా దాటేలోపే అంతా అయిపోయింది. ముంబై కామాటిపురాలో, వరస గదుల మా తెలుగు చాల్‌లో మహిళా మండలిని ఏళ్ల తరబడి నడిపింది ఆమే. నాలుగు మాటలు రాయమని మండలివాళ్లు అడిగారు.

నా తప్పుతోనే మొదలుపెడతాను. చాల్ పడగొట్టి కొత్తగా కట్టే విషయమై ఒకప్పుడు వార్డు ఆఫీసువాళ్లు మీటింగు పెట్టి, వచ్చినవాళ్లందరినీ ఒక కాగితం మీద సంతకం చేయమన్నారు. పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలం మేము. మరాఠీ గడగడా మాట్లాడతాం, చదవడం కొందరికే వచ్చు. నేను పై రెండు లైన్లు చూసి, "హాజరు పట్టీయే, పెట్టండి" అన్నాను. గదులు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నట్టు కింద రాసి ఉంది.

"బీయే సదివినోనివి, కిందిదాంక సూడనీకి ఏమైందయ్యా?" అంది ఆమె. అంతకుమించి తిట్టలేదు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆ సంతకాలన్నీ రద్దు చేయించింది.

అప్పటినుంచి ఏ కాగితమొచ్చినా వాకిట్లో అందరి ముందూ చదవాల్సిందే. ఆ పని నాకే అప్పగించింది, శిక్షగా. నేను ఒక్కో వాక్యం మరాఠీలో చదివి ఆగేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకుని విని, మా తెలుగులో చెప్పేది.

సర్కారంటే ఆమెకు పగ లేదు. నీళ్ల పైపు వేసిన రోజు ఇంజనీరు చేతనే కొబ్బరికాయ కొట్టించింది. "సర్కారును మనమే గద వెట్టుకున్నం. గందుకే అడుగుడు" అనేది. మండలిని సర్కారు కమిటీలో కలిపి, నువ్వే అధ్యక్షురాలిగా ఉండమంటే మాత్రం నవ్వింది. "మీ కుర్చీల కూసున్నంక మిమ్ములను అడిగేదెవలు సాబ్?"

దశదిన కర్మ అయ్యాక వార్డు ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. సంతాపం చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడనుకుంటాను. తర్వాత సంచిలోంచి మండలిని కమిటీలో కలిపే ఆ ఒప్పందమే తీశాడు.

"ఇక మండలిని ఎవరు చూస్తారు సార్? మీరొక్క సంతకం పెట్టి, మిగతావాళ్లకు చెబితే చాలు."

"వాకిట్లోకి రండి" అన్నాను.

ఆడవాళ్లంతా దిగివచ్చారు. మొదటి వాక్యం చదివి అలవాటుగా ఆగాను.

"చదవండి సార్, ఆగారెందుకు?" అన్నాడు అధికారి.

ఎదురు గదిలో ఉండే ఇడ్లీలమ్మే ఆమె ఏనాడూ మీటింగులో నోరు విప్పలేదు. ఇప్పుడు కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది.

"జర ఆగు సాబ్. మాకు సమజ్ గావాలె గద. ఇగ మీదట మన మండలి ఏం జేయాల్నన్నా ఆళ్లను అడిగే జేయాల్నంట. గంతేనా అన్నా?"

"అంతే."

"ఎందుకడగాల్నో గది గూడ రాసిన్రా? సదువు."

ఎండ మూడో అంతస్తు రెయిలింగు దాటింది. నిలబడలేక అధికారి మెట్టు మీద కూర్చున్నాడు. మేమింకా మొదటి పేజీలోనే ఉన్నాం.