లినక్స్‌లో మావ ఆట

మా ఆయన ఒక పెన్‌డ్రైవు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఒసే, ఇందల అయ్య ఉన్నాడు. బయటికి తియ్యి" అన్నాడు.

కోటబొమ్మాళిలో నాకో చిన్న జెరాక్స్ షాపు ఉంది. ఆ మధ్యాహ్నం ఆధార్ కార్డులు పట్టుకుని జనం నిలబడున్నారు, మిషన్లో కాయితం ఇరుక్కుంది, కరెంటు ఎప్పుడు పోతాదో తెలీదు. "మీ అయ్య ఇన్నాళ్ళు ఆగాడు కదా, సాయంత్రం దాకా ఆగుతాడు. ఎల్లు" అని కసిరాను. వెళ్ళలేదు. బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పొలంలో నీళ్ళు మళ్ళించే వేళకి వచ్చి షాపులో కూర్చున్నాడంటే అది మామూలు పని కాదని నాకు అర్థమైంది.

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకే. అతని అయ్య నాకు మావ. ఆయన పోయి కొన్నేళ్ళయింది. మావ మా ఊరి తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. గుండె మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే ఆట అది. మా వైపు అమ్మవారి పండగంటే ఆ తప్పెట్లు మోగాల్సిందే. మావ తనంతట తాను కట్టిన ఆట ఒకటుంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈసారి పండక్కి అది ఆడాలని ఊళ్ళో పెద్దలు అడిగారు, ముందు నిలబడమని మా ఆయన్నే అడిగారు. ఈయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మర్నాటి నుంచి మనిషికి అన్నం సయించడం మానేసింది. 

ఎందుకంటే ఆ ఆట ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మావతో కలిసి ఆడిన వాళ్ళని అడిగితే ఒకాయన "ముందు ఎడమ కాలు" అంటాడు, ఇంకొకాయన "నీకు తెల్దు, కుడి కాలు" అంటాడు, ఇద్దరూ కొట్టుకోడానికి లేస్తారు. మిగిలిన సాక్ష్యం ఒక్కటే, ఎప్పుడో పెళ్ళిళ్ళ వీడియో తీసే అతను తీసిన డీవీడీ. అది గీతలు పడిపోతే మా ఆయన శ్రీకాకుళం తీసుకెళ్ళి, వచ్చినంత పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చాడు. పండగ దగ్గర పడింది. ఆడలేకపోతే, మావ ఆట మావతోనే పోయిందని ఊరు అనుకుంటాది. ఈయన భయం అదే.

నా ల్యాప్‌టాప్ పాతది. అందులో ముందున్న విండోస్ తెరుచుకునేలోపు నేను టీ పెట్టి, తాగి, గ్లాసు కడిగేదాన్ని. విసుగెత్తి లినక్స్ ఎక్కించాను. ఎవరి సాయం లేకుండా నేనే ఎక్కించాను, ఆ మాట చెప్పుకోకుండా ఉండలేను. అప్పట్నుంచి మిషను చక్కగా నడుస్తన్నాది. కాకపోతే లినక్స్ మనల్ని ఊరికే కూర్చోనివ్వదు. అడిగిన పని చేస్తాది, అడగడం రాకపోతే మొహం మీదే చెప్పేస్తాది.

సాయంత్రం ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి పెన్‌డ్రైవు పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ముందే ఉన్న మామూలు ప్లేయరు ఈ ఫైలు నాకు అర్థం కాదు, దీన్ని విప్పి చూపించే కోడెక్ నా దగ్గర లేదు అంది. అయితే వేరే ప్లేయరు ఎక్కిద్దామని నెట్లో వెతికాను. డబ్బులడగని, ప్రకటనలు చూపించని ఓపెన్ సోర్స్ ప్లేయరొకటి ఉంది, ఏ ఫైలిచ్చినా ఆడిస్తాదని అందరూ రాశారు. సాఫ్ట్‌వేర్ స్టోరులో కనబడింది, నొక్కాను, ఎక్కింది. "అయిపోయింది, సూడు" అన్నాను గొప్పగా. తెరిస్తే దానికి పెన్‌డ్రైవే కనబడదు! ఇల్లంతా తిరిగే అనుమతుంది గానీ వీధి గుమ్మం దాటే అనుమతి లేదట దానికి. స్టోరులో ఉండే ప్యాకేజీలు కొన్ని అలాగే కట్టేసి ఉంటాయట, భద్రత కోసం. "నీ భద్రత తగలెయ్య, మా మావే కదా" అని తిట్టి, దాన్ని తీసేసి, ఈసారి అక్షరాలతోనే పని చెప్పే టెర్మినల్ తెరిచి, అదే ప్లేయర్ని మళ్ళీ ఎక్కించమని కమాండు కొట్టాను.

పాస్‌వర్డు అడిగింది. టెర్మినల్లో పాస్‌వర్డు కొడితే చుక్కలు కూడా కనబడవు, ఏమీ కొట్టనట్టే ఉంటాది. మా ఆయన పక్కనుంచి, "కీబోర్డు సచ్చిపోయినట్టుందే" అన్నాడు. "నువ్వు నోరు ముయ్యి బావా" అన్నాను. ఎంటర్ కొట్టాక అది, వెనకాల అప్‌డేట్ ఏదో నడుస్తన్నాది, తాళం దాని చేతిలో ఉన్నాది, ఆగు అంది. ఆగాను. నాలాంటి మనిషిని ఆగమంటే ఎలా ఉంటాదో ఆ అప్‌డేట్‌కేం తెలుసు! చివరికి ఎక్కింది. పెన్‌డ్రైవూ కనబడింది. వీడియో మీద నొక్కితే తప్పెట్ల మోత వినబడుతన్నాది, బొమ్మ మాత్రం నల్లగా ఉంది.

"అయ్య వినబడతన్నాడు" అని లేచి నిలబడ్డాడు మా ఆయన. నేను తిట్టబోయి మానేశాను.

మళ్ళీ నెట్లో వెతికితే, పాత గ్రాఫిక్స్ ఉన్న మిషన్లలో ఇలా అవుతాది, బొమ్మ విప్పే పని గ్రాఫిక్స్‌కి ఇవ్వకుండా ప్రాసెసర్‌కే ఒప్పజెప్పు అని ఎవరో పుణ్యాత్ముడు రాసి పెట్టాడు. సెట్టింగ్స్ ఫైల్లో ఒక్క వరుస రాశాను. బొమ్మ వచ్చింది. మావ వచ్చాడు. తలపాగా, మెళ్ళో తప్పెట, పాలకొండ సంతలో కొన్న ఆ గళ్ళ తువ్వాలు. మా ఆయన టీవీ ముందు కింద కూలబడిపోయాడు.

టీవీ ముందు అన్నాను కదా, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి టీవీలో చూపిద్దామనుకున్నాం, జట్టంతా చూడాలి కాబట్టి. టీవీలో బొమ్మ వచ్చింది, మోత మాత్రం ల్యాప్‌టాప్‌లోనే పీలగా ఉండిపోయింది. ఆ ప్లేయరుకి బొత్తాలంటూ పెద్దగా ఉండవు, అంతా కీబోర్డు మీదే. సౌండు మీట ఏదో తెలీక, బల్ల కింద కేబుల్ చూస్తూ, ఒక చేత్తో దొరికిన మీటనల్లా నొక్కాను. టీవీలో పైమూల చిన్న అక్షరాలేవో మెరిసి మాయమయ్యాయి. ఎవరు చూశారు? తర్వాత సిస్టం సెట్టింగ్స్‌లో సౌండు టీవీకి మళ్ళిస్తే ఇల్లదిరిపోయింది. రోజూ ఆపిన చోట నుంచే మొదలవడానికి, మూసినప్పటి స్థితి గుర్తుంచుకోమని కూడా ప్లేయరుకి చెప్పి పెట్టాను. అన్నీ నేనే చేశానన్న పొగరుతో ఆ రాత్రి కూర కూడా వండలేదు, ఆవకాయతోనే పెట్టాను.

మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి జట్టంతా మా వాకిట్లో చేరేది. టీవీని అరుగు మీదకి లాగాం. చూడ్డం, ఆడ్డం, మళ్ళీ చూడ్డం. ఓర్నాయనో, ఏం వేగం అది! మావ అడుగు వేస్తే నేల మీద ఆనినట్టే ఉండదు. మావాళ్ళు ఒక విడత ఆడేసరికి నాలుకలు బయటికి వచ్చేవి. మధ్యలో ఒక అడుగుంది. చటుక్కున వంగి, మోకాలు పట్టుకుని, తల విదిలించి, అంతలోనే లేచి గెంతాలి. దానికి మోకాలడుగని పేరు పెట్టారు. అది వేయబోయి ఒకాయన నడుం పట్టేసి మూడు రోజులు తైలం రాయించుకున్నాడు.

"ఆ కాలం తిండి అలాటిది" అని తేల్చారు అందరూ కలిసి. చోళ్ళు తినేవాళ్ళు, అదీ బలం. మీరు రాగులంటారే, వాటిని మేం చోళ్ళంటాం. మర్నాటి నుంచి జట్టు జట్టంతా పొద్దున్నే చోడంబలి తాగడం మొదలెట్టింది. టీ మానేశారు. ఇడ్లీ ముట్టుకోరు. వాళ్ళ పెళ్ళాలు వచ్చి, "నీ ల్యాప్‌టాప్ పాడుగాను, తెల్లారి లేచి అంబలి కాయలేక సస్తన్నాం" అని నన్ను తిట్టిపోయారు. ఎంత అంబలి తాగినా వేగం మాత్రం రాలేదు, కడుపులు గుడగుడమనేవంతే.

అందరిలోకి ఎక్కువ నలిగింది మా ఆయన. నలభై దాటిన మోకాళ్ళు. రాత్రి పడుకునేటప్పుడు కాపడం పెట్టించుకుని, పొద్దున్నే కుంటుకుంటూ లేచేవాడు. ఒక సాయంత్రం జట్టు వెళ్ళిపోయాక తప్పెట విప్పి మంచం మీద పెట్టాడు. "నా వల్ల కాదే. రేపు పెద్దలకి సెప్పేస్తాను. ఏదో మామూలు ఆట ఆడుకుంటారు. అయ్య అయ్యే, నాను నానే" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అటు తిరిగిపోయాడు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలీక టీవీ రిమోట్ విసిరికొట్టాను.

మా అత్త వంటింట్లోంచి వచ్చింది. అన్ని రోజులూ ఆ వీడియో వైపు చూడలేదు ఆవిడ. పోయిన మనిషిని పెట్టెలో చూడలేనని, మోత మొదలవగానే లోపలికి వెళ్ళిపోయేది. ఇప్పుడు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "ఏదీ, ఎట్టు. మొదట్నించీ ఎట్టు" అంది.

మొదట్నించీ పెట్టాను. ఆట మొదలవకముందు మావ జనంలోంచి నడిచొచ్చి, చెంబెత్తి నీళ్ళు తాగుతాడు. అత్త అక్కడే ఆపమంది. "ఈయన మీ మావ కాదు" అంది.

"అదేటత్తా, ముఖం కనబడతలేదా?"

"ముకం ఆయన్దే. నడక ఆయన్ది కాదు. బస్సు కదిలెల్లిపోతన్నా ఒక్క అడుగు బేగి ఎయ్యనేదు ఆ మనిసి. నానే ముందెళ్ళి కండట్రుని బతిమాలి ఆపీదాన్ని. చెంబుడు నీళ్ళు అలాగ గటగటా తాగీసీ మనిసేనా? నివ్వేటో సేసీసేవు."

"వీడియోని నేనేటి సేస్తాను?" అని గయ్యిమన్నాను. అన్నాను గానీ, బల్ల కిందికి వంగి మీటలు నొక్కిన సంగతి గుర్తొచ్చింది. ఆ ప్లేయరు మీటల పట్టిక తీసి చదివాను. సౌండు మీటలు వేరే ఉన్నాయి. నేను నొక్కినవి వేగం పెంచే మీటలు! వేగం పెరిగినా గొంతు సన్నబడిపోకుండా అదే సర్దుకుంటాదట, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆపినప్పటి స్థితి గుర్తుంచుకోమన్నాను కదా, ఆ వేగాన్నీ బుద్ధిగా గుర్తుంచుకుని రోజూ అలాగే ఆడించింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మామూలు వేగానికి తెచ్చే మీట ఒకటే, అది నొక్కి మళ్ళీ మొదట్నించీ పెట్టాను.

మావ జనంలోంచి నడిచొచ్చాడు. నిదానంగా. చెంబెత్తి, ఆగి ఆగి నీళ్ళు తాగి, మిగిలినవి కాళ్ళ మీద పోసుకుని, చెంబు పక్కకిచ్చాడు. "ఆ. ఈయన, ఈయన" అంది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆట మొదలైంది. అందంగా ఉంది, ఒక్కో అడుగూ విడివిడిగా కనబడుతన్నాది. మా ఆయన మంచం మీంచి దిగి దగ్గరకొచ్చాడు. మోకాలడుగు వచ్చింది. మావ వంగాడు. మోకాలు పట్టుకున్నాడు. నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. పక్కవాడేదో అంటే తల అడ్డంగా ఊపి నవ్వాడు. జట్టు ఆడుతూనే ఉంది, ఈయన మాత్రం కాసేపు అలాగే ఉండి, చెమట విదిలించి, అందుకుని మళ్ళీ కలిసిపోయాడు.

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. "ఒసే" అన్నాడు మా ఆయన, "అది అడుగు కాదే. అయ్యకి ఆయాసమొచ్చిందే!"

నవ్వు మొదలెట్టాడు. నడుం పట్టేసిన పెద్దమనిషి, తైలం, అంబలి, అన్నీ గుర్తొచ్చి నేనూ నవ్వాను, అత్త నేల మీద కూర్చుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఈయన ఏడ్చేశాడు. "అయ్యకీ ఆయాసమొచ్చిందే, అయ్యకీ వచ్చిందే" అని అదే మాట. పుట్టినప్పట్నుంచి అయ్యంటే అలిసిపోని మనిషని నమ్మినవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

పెద్దలకి ఏమీ చెప్పలేదు. మర్నాడు జట్టుకి సంగతి చెబితే పదిహేను నిమిషాలు నన్ను తిట్టి, వెంటనే టీ పెట్టించుకున్నారు. పండగ రోజు అమ్మవారి ముందు మావ ఆట మావ నడకలోనే ఆడారు. మోకాలడుగు మాత్రం తియ్యనివ్వలేదు మా ఆయన. అక్కడికి రాగానే జట్టంతా వంగి, మోకాళ్ళు పట్టుకుని, తీరిగ్గా ఊపిరి పీల్చుకుని లేచారు. జనం ఈలలేశారు. అదే అన్నిటికంటే బాగుందన్నారు.

మా ఆయన ఆట ముగించి, చెమటతో వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడ్డాడు. ఏమంటాదోనని చిన్నపిల్లాడి మొహం పెట్టాడు. అత్త కొంగుతో అతని మెడ తుడిచింది, గజ్జెలు విప్పమంది, అటూ ఇటూ చూసింది. అప్పుడు దగ్గరకి లాక్కుని చిన్న గొంతుతో అంది.

"మీ అయ్య కంటే నివ్వే బాగా ఆడేవురా. ఆయనకి సెప్పకు."