రెండు బండ్లకూ ఒకే గడియారం

సింహాచలం మావయ్య పరమపదించారన్న దుర్వార్త పోయిన ఆదివారం పొద్దున యాంగోన్‌లోని సంచౌంగ్ బజారులో నన్ను చేరింది. చేపలామె రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. అంతకు ముందు బుధవారమే కదా, ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుని నా వాక్యాల్లో విశేషణాలు కొట్టించారు! అంత జాగృతమైన మేధ ఇంత హఠాత్తుగా అస్తమిస్తుందంటే మనసు ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆయన నాకు రక్తబంధువు కారు. యాంగోన్ తెలుగువాళ్లలో పెద్దవాళ్లంతా ఏదో ఒక వరసవుతారు, అంతే. శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చిన తాతకు మనవడు. పెట్రోలు ఇంజన్లు బాగుచేయడం ఆయన జీవనోపాధి. బర్మావాళ్లు పేరుకు ముందు గౌరవంగా 'ఊ' చేర్చి, ఊ సింహాచలం అనేవారు. మా మాసపత్రికలో కార్ల సమీక్షలు రాసేవారు, నాకూ రాయడం నేర్పారు. నిష్పక్షపాతం అనే మాట మేమంతా ధారాళంగా వాడతాం. దానికోసం ఒళ్లు నొప్పించుకున్న మనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

నా మొదటి సమీక్ష తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కరెంటు కారునూ పెట్రోలు కారునూ పోల్చి, ఛార్జింగు దగ్గర ఒక పూట వృథా అయిందని వెటకారంగా రాశాను. పెట్రోలు కారు మహా హాయి అన్నాను. మావయ్య చదివి, కాగితం పక్కన పెట్టారు.

"పెట్రోలు ఎక్కడ పోయించినావమ్మా?"

"ఆఫీసు డ్రైవరు కో మిన్ నింపి తెచ్చాడు మావయ్యా."

"ఆడు బంకుకాడ తెల్లారగట్ల నుంచి లైన్లో ఉన్నాడు. ఆడి పూట పూట కాదేటి? నువ్వు నిలబడనేదని దాన్ని తీసేసినావు."

మర్నాడు నన్నే బంకుకు పంపారు. ఎండలో నిలబడి ఆయన్ని తనివితీరా తిట్టుకున్నాను, ఆ నిజమూ రాయాలి. అప్పట్నుంచి మా పత్రికకు అదే నియమం. రెండు బండ్లూ ఖాళీగా తీసుకోవాలి, రాసేవాళ్లే నింపుకోవాలి, ఇంటి గుమ్మం దిగినప్పుడే గడియారం చూసుకోవాలి.

ఆ నియమం ఆయనకు ఎవరినీ మిగల్చలేదు. కరెంటు లేని గంటలే ఎక్కువైన లైంగ్‌థార్యార్ కార్మికవాడ గదుల్లో ఉండేవాళ్లకు కరెంటు కారు గుదిబండేనని రాస్తే ఆ కార్లు అమ్మేవాళ్లు మొహం తిప్పుకున్నారు. బంకు లైన్ల సంగతి రాస్తే, పెట్రోలు అన్నం తింటూ కరెంటుకు అమ్ముడుపోయాడని టాక్సీవాళ్లు ఆయన షెడ్డుకు రావడం తగ్గించారు. "నీ పొట్ట నువ్వే కొట్టుకుంటన్నావు" అని రమణమ్మ అత్తయ్య బాధపడింది.

"ఇంజను నాకెప్పుడూ అబద్దం సెప్పనేదే. దాని గురించి నాను సెప్తే ఎలాగ?" అన్నారు మావయ్య.

ఇక నా అపరాధం. ఆయన ఆఖరి సమీక్ష ఈ సంచికలో రావలసింది. కరెంటు కారును ఆయనే నడిపి రాశారు. అంతలో జబ్బు చేసి, పెట్రోలు భాగం నాకప్పగించారు. ఆయన దగ్గరే ఉండాలన్న ఆత్రంతో బంకు లైనుకు మళ్లీ కో మిన్‌నే పంపి, అతను చెప్పిన సమయమే వేశాను. బుధవారం ఆ సమీక్షంతా చదివించుకుని అడిగారు.

"లైన్లో నువ్వే నిలబడినావా?"

"నిలబడ్డాను మావయ్యా."

"అయితే నా పేరెట్టీ" అని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

నన్ను నమ్మి పెట్టమన్న పేరది. నా అబద్ధం కింద ఆ పేరు అచ్చు కాకూడదు. ఆ సమీక్షను ఆపించాను. మీరు చదువుతున్న ఈ నివాళి దాని చోట వేసిందే. అటువంటి సత్యసంధుడు మాకు మళ్లీ దొరకరు. కాగితం పక్కన పెట్టి ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇక లేరు.

రేపు పొద్దున ఖాళీ బండితో నేనే బంకుకు వెళ్తున్నాను. గుమ్మం దిగేటప్పుడు గడియారం చూసుకుంటాను, మావయ్యా.