నల్లబండ మీద చెల్లెలి మాటలు

మా వీధిలో కొత్తగా దిగినవాళ్ళ పాపకు ఆరేళ్ళు, నోట మాట లేదు. నిన్న సాయంత్రం వాళ్ళమ్మతో మా ఇంటికి వచ్చి, ఒళ్ళో పెట్టుకున్న పలకంత యంత్రం మీద ఒక బొమ్మను వేలితో నొక్కితే, అది “నీళ్ళు కావాలి” అని స్పష్టంగా పలికింది. నీళ్ళు తెచ్చి ఇచ్చాను గానీ కుతూహలం ఆపుకోలేక, నన్నూ ఒకసారి నొక్కి చూడనివ్వమని అడిగాను. బొమ్మ వెనుక బొమ్మ, వందలకొద్దీ ఉన్నాయి. చూస్తూ చూస్తూ యాభై ఏళ్ళు వెనక్కి, బేతంచెర్లలోని మా ఇంటికి వెళ్ళిపోయాను.

మా నాయన అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నాకంటే మూడేళ్ళు చిన్నదైన మా చెల్లెలికి మేము చెప్పేదంతా వినిపించేది, అర్థమయ్యేది. మాట మాత్రం రాలేదు. అది ఏడిస్తే ఆకలా, నిద్రా, చీమ కుట్టిందా అని ఇంటిల్లిపాదీ ఊహించుకోవడమే. ఒక ఎండాకాలం రెండు రోజులు అన్నం ముట్టకుండా, తల గోడకేసి కొట్టుకుంటూ ఏడ్చింది. నాయనను కన్న మా జేజి గాలి సోకిందని తేల్చి, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది, ఏడుపు ఆగలేదు. మూడో రోజు పొద్దున, బడి ముఖం చూడకపోయినా ముగ్గులు వేయడంలో వీధి వీధంతా మెచ్చుకునే మా అమ్మ, నాయన తెచ్చి పడేసిన విరిగిన నల్లబండను వాకిట్లో పరిచి, నా సుద్దముక్కతో దాని మీద చెంబు గీసింది, రొట్టె గీసింది, చివరికి ఒక పిల్ల బొమ్మను చెవులూ కడుపూ కాళ్ళతో సహా పెద్దదిగా గీసి, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“యాడ నొస్తాండాది తల్లీ? ఈ బొమ్మ మీద చూపీ,” అంది.

చెల్లెలు చాలాసేపు బండనే చూసి, బొమ్మ చెవి మీద వేలు పెట్టింది. ఆ పూటే కర్నూలు బస్సెక్కాము. డాక్టరు దాని చెవిలోంచి నాని ఉబ్బిన జొన్నగింజను తీశాడు. తిరుగు ప్రయాణంలో చెల్లెలు హాయిగా నిద్రపోయింది. అమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. జేజి ఆ బండను తానే కడిగి గోడవారగా నిలబెట్టి, “దీన్ని యాడా పారేయాకండి, శానా పనుండాది దీంతో,” అంది.

అప్పటినుంచి గీసే పని నాది. బడి నుంచి రాగానే చెల్లెలి కోసం కొత్త బొమ్మలు గీసేదాన్ని. ఒకరోజు చెల్లెలు వాటన్నిటినీ దాటి, బండ మూలన ఏ బొమ్మా లేని చోట వేలు పెట్టి, నా ముఖంలోకి చూసింది. రైలు గీశాను, మేకపిల్లను గీశాను, గాజులూ మామిడికాయా గీశాను. ప్రతిదాన్నీ అరచేత్తో తుడిచేసి, మళ్ళీ అక్కడే వేలు పెట్టేది. వారం రోజులు గీశాను. ఆ తర్వాత చెల్లెలే అడగడం మానుకుంది.

ఇరవై ఆరేళ్ళ వయసులో కామెర్లు వచ్చి చెల్లెలు చనిపోయింది.

మాకు తెలిసినవీ, మేము ఇవ్వగలిగినవీ మాత్రమే ఆ బండ మీదికి ఎక్కాయని ఇప్పుడు అర్థమవుతోంది. కాలం మారింది, ఇలాంటి పిల్లల విషయంలో మంచికే మారింది. నాకు మాత్రం ఆ వారం రోజులే పదే పదే గుర్తొస్తాయి. చెల్లెలు ఏదో అడుగుతోందనే అనుకున్నాను గానీ, నాకేదో చెప్పబోతోందేమోనని అప్పుడు తోచనే లేదు.