తాళం ముందు చెప్పులు

పందొమ్మిది వందల యాభైలలో మేము మద్రాసులోని వాషర్‌మెన్‌పేట నుంచి ప్రతి ఆదివారం రైలెక్కి అవ్వ పుట్టిన ఊరికి ఆరాధనకు వెళ్లేవాళ్లం. ఆ ఊళ్లో చర్చి లేదు. పాతకాలపు రైల్వే స్టేషన్లో ప్రయాణికులు కూర్చునే గదిలోనే, స్టేషన్ మాస్టరు దయవల్ల, మా ప్రార్థన జరిగేది. అందుకే మావాళ్లు ఉత్తగా రైలు కోసమే వచ్చినా ఆ గడప బయటే చెప్పులు విడిచేవారు.

ఒకసారి చరిత్ర తెలిసిన పెద్దమనుషులు నలుగురు మద్రాసు నుంచి దిగారు. బూట్లతోనే లోపలికి నడిచి, ఇనుప స్తంభాలను తట్టి, కిటికీల రంగు అద్దాలకు మురిసిపోయారు. చెప్పుల వరస చూసి ఒకాయన నవ్వాడు.

"ఏమవ్వా, లోపల దేవుడున్నాడా ఏంది?"

"ఉండాడు సామీ. బూట్లతో పోతే కనపడడు," అంది అవ్వ.

ఆయన స్తంభాల కొలతలు రాసుకున్నాడు. ఆ మాట రాసుకోలేదు.

నెల తిరక్కుండా గదికి తాళం పడింది. జనం మసిలితే దాని చారిత్రక విలువ పాడవుతుందట! మోకరించేవాళ్లను వెళ్లగొట్టి గోడలను కాపాడే చదువు అది. ఆ ఆదివారం కూడా అవ్వ తాళం ముందే చెప్పులు విడిచి, ఎండకు కాలిన బండల మీద మోకరించింది.