కరపత్రం మీది మాట

ఈ దేశం వచ్చాక ప్లెయిన్స్‌బరోలో మేమున్న అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక గ్రీకు ఆంటీ ఉండేవారు. ఎనభై దాటిన ఒంటరి మనిషి. శనివారాలు ఆవిడను నా కార్‌లో కూరగాయలకు తీసుకెళ్లేదాన్ని. ఇద్దరం క్రైస్తవులమే కదా, మా మధ్య తేడా ఏముంటుందనుకునేదాన్ని.

ఆ వేసవిలో మా తెలుగు చర్చి మూడు రోజుల సభలు పెట్టింది. కరపత్రం పని నాకు అప్పగించారు. పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ‘తెలుగు గాస్పెల్ క్రూసేడ్’ అని వేశాను. భీమవరం దగ్గర మా ఊళ్లో క్రూసేడ్ అంటే హైస్కూల్ గ్రౌండ్‌లో పరదాలు పరిచి, మైకు సెట్టు పెట్టి పాడుకునే సాయంత్రాలు. పాటకీ పాటకీ మధ్య అమ్మ నా నోట్లో వేయించిన వేరుశెనగ గింజలు పెట్టేది. ఆ మాటకు మతయుద్ధమని ఇంకో అర్థం ఉందని చరిత్ర పుస్తకంలో చదివాను గానీ, అది పరీక్షతోనే పోయింది.

మొదటి కరపత్రం ఆంటీకే ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, బల్ల మీద పెట్టారు. ముఖం వాడిపోయింది.

“ఈ ‘క్రూసేడ్’ మాట ఎందుకు పెట్టావు తల్లీ?” అని ఇంగ్లీషులో అడిగారు.

“సువార్త సభ అని ఆంటీ. అంతే.”

“యేసు సమాధిని విడిపిస్తామని క్రూసేడ్‌కు బయలుదేరారు ఆ పడమటి సైనికులు, బట్టల మీద సిలువ కుట్టుకుని. యెరూషలేము వెళ్లాల్సినవాళ్లు మా గ్రీకుల రాజధాని మీద పడ్డారు. మేమూ సిలువ ముందు మోకరించేవాళ్లమే. మా పెద్ద గుడిలోకి కంచరగాడిదల్ని తోలి, బలిపీఠం పగలగొట్టి మోసుకుపోయారు.”

“ఎనిమిది వందల ఏళ్లయింది కదా ఆంటీ?”

“మా నాయనమ్మ పక్కవీధిలో జరిగినట్టు చెప్పేది,” అని ఆవిడ నా చేయి పట్టుకున్నారు. “నీ మీద కోపం లేదు. ఆ మాట వింటే భయం, అంతే.”

ఇంటికొచ్చి పాస్టరు గారికి ఫోన్ చేసి ఆంటీ అన్న మాటలన్నీ చెప్పాను. ఆయనదీ మా జిల్లానే.

“మన చిన్నప్పట్నుంచీ ఆ మాటే కదమ్మా? ఇప్పుడు మారిస్తే సంఘ పెద్దలు ఏమంటారో.”

“అయ్యగారూ, ఆవిడ సభకు రావాలని ఉంది నాకు.”

“మార్చేయమ్మా. పెద్దలతో నేను మాట్లాడతాను,” అన్నారు.

కరపత్రాలు అప్పటికే ప్రింటయిపోయాయి. నేనూ మా ఆయనా కూర్చుని ఒక్కోదాని మీదా ‘సువార్త సభలు’ అని కాగితం ముక్కలు అంటించాం. కొన్ని వంకరగా పడ్డాయి.

ఆదివారం, ఆఖరి రోజు, ఆంటీ వచ్చారు. ఒక్క తెలుగు ముక్క రాకపోయినా పాటలకు తలూపుతూ నా పక్కనే కూర్చున్నారు. అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల సమయంలో రొట్టె పళ్లెం మా వరసకు వచ్చింది. నేను ఆవిడకు అందించబోయాను. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఆడించారు.

“వేరే సంఘంలో రొట్టె తీసుకోవడానికి మా సంఘం ఒప్పుకోదు తల్లీ. ఆ కాలంలో విడిపోయిన తూర్పు, పడమటి సంఘాలు ఇంకా కలవలేదు. నువ్వు తీసుకో.”

రొట్టె నోట్లో పెట్టుకున్నాను. ఆంటీ తనలో తాను ఏదో ప్రార్థన చెప్పుకుంటూ, పళ్లెం చివరి వరస దాటేదాకా నా చేయి పట్టుకునే ఉన్నారు.