నీళ్ల కింది సంతదారి

పెదబయలు కొండల వెనక జలాశయం ఒరిస్సా సరిహద్దు దాకా పరుచుకుని ఉంటుంది. దానిమీద నాలుగు రేవులు. మూడు ఈ ఒడ్డున, ఒకటి అవతల, గురువారం సంత జరిగే ఊరి దిగువన. ముప్పై ఏళ్లపాటు ఈ రేవులను కలిపింది సోంబరు సంగడి. రెండు దోనెలను జతకట్టి, పైన వెదురు తడిక పరిచిన పడవ అది. సంత ముగిసేదాకా అతను అవతలి రేవులో దానికి కాపలా కూర్చునేవాడు.

అతన్ని గొప్ప పడవవాడనడం తొందరపాటే. వేగం లేదు. జీలుగుకల్లు తాగిన మర్నాడు రేవుకే వచ్చేవాడు కాడు. అయినా ఆ సంగడి ఒక్కసారీ బోల్తా పడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. జరగని ప్రమాదానికి కారణం వెతికే అలవాటు మనుషులకు లేదు.

అడిగింది వేరొకటి. నడినీటిలో, ఏ అడ్డూ కనిపించని చోట అతను పడవను ఎడమకు తిప్పి, కొంతదూరం పోయి మళ్లీ కుడికి తిప్పేవాడు.

"నీళ్లమీద మలుపేటి మరిదీ? బేగి పోనీ, సిక్కుళ్లు వాడిపోతన్నాయి" అని వదిన వరసైన యర్రమ్మ ప్రతి గురువారమూ దెప్పేది.

"దారి అలాగుంది వదినా."

1998లో జలాశయం మరో కొసన ఒక దోనె మునిగి ఇద్దరు పోయారు. నాటుపడవలన్నీ ఆపించాలన్న మాట వచ్చింది. తేల్చడానికి వచ్చిన ఇంజనీరు సర్వేశ్వరరావు సంగడి ఎక్కాడు. ఆయన కాదంటే సోంబరుకు రేవు లేదు. మూడు ఊళ్లవాళ్లు కొండ చుట్టి రెండు రోజులు నడిస్తే తప్ప సంత లేదు.

ఎదుటి ఒడ్డున తెల్లటి చర్చి కనిపిస్తోంది. "ఆ సిలువను చూస్తూ తిన్నగా పోనియ్" అన్నాడు ఇంజనీరు. సోంబరు నడినీటిలో ఎడమకు తిప్పాడు.

"ఏమయ్యా, చెప్పింది వినపడలేదా?"

"ఆడికి నీళ్లు కనపడవు బాబూ" అని సంతకు పోతూ తడికమీద కూర్చున్న యర్రమ్మ నవ్వింది. "మునిగిపోయిన ఊర్లో నడుత్తన్నాడు."

సోంబరు వెదురుగడను ఇంజనీరు చేతికిచ్చాడు. "కుడేపు దించండి బాబూ." గడ మూరెడు లోతులోనే తగిలి ఆగింది. నరకకుండా నీటికి వదిలేసిన మద్దిచెట్ల మోళ్లవి. "ఇప్పుడు మన కిందికి." గడ దాదాపు మొత్తం దిగి, రాతిమీద టక్కుమంది.

"మా అయ్యోళ్లు పరిసిన రాళ్లు. సంతదారి. దారిలో సెట్టు మొలవనిత్తారా? నన్ను బుజాన ఎక్కించుకుని మా అయ్య ఇలాగే ఎల్లేవాడు."

జలాశయం నిండి ఆ దారి మునిగేనాటికి సోంబరుకు తొమ్మిదేళ్లు.

"ఈ దారి ఇంకెవరికి తెలుసు?" అని అడిగాడు ఇంజనీరు. సోంబరు యర్రమ్మ వైపు చూశాడు.

"నాకేటి తెలుసు? నీళ్లొచ్చాక కదా నేను కోడలినై వచ్చినాను!"

తెలిసినవాళ్లంతా పోయారన్న సంగతి అతనికి అప్పుడే తట్టినట్టుంది.

ఆ దారి పొడవునా తేలే గుర్తులు కడితేనే రేవు ఉంచుతానన్నాడు ఇంజనీరు. గుర్తులు పడ్డాక ఎవరైనా పడవ నడపగలరు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు. తెలిసినది పంచితే పోయేదేముందనుకోవడం, ఆ తెలిసినదే బతుకుతెరువు కానివారికి సులువు. సోంబరు మూడు రోజులు రేవుకు రాలేదు. నాలుగోరోజు ఖాళీ నూనె డబ్బాలకు తాళ్లూ రాళ్లూ కట్టి, ముప్పై ఒక్క చోట్ల దించాడు.

"ఇంక నువ్వెందుకు మరిదీ?" అంది యర్రమ్మ. ఆమె గొంతులో ఈసారి ఎగతాళి లేదు.

2003లో లాంచీ వచ్చింది. చర్చి ఊరి తోమా డబ్బాల వెంటే దాన్ని నడిపాడు. మొదటి గురువారం సోంబరు అందరిలాగే ఎక్కి కూర్చున్నాడు. మలుపులో మాత్రం "కాస్త ముందే తిప్పాల" అని గొణిగాడు. అవతల దిగి అందరితోపాటు గట్టెక్కాడు. తను అంతమందిని చేరవేసిన ఆ సంతను, తండ్రి భుజంమీద నుంచి చూశాక అప్పటిదాకా అతను మళ్లీ చూడనే లేదు.

పొద్దు వాలుతుండగా లాంచీ నిండింది. సోంబరు లేడు. తోమా రెండుసార్లు హారన్ కొట్టాడు. చేతిలో జంతికల పొట్లంతో, తొందరేమీ లేకుండా అతను గట్టు దిగి వస్తున్నాడు.

"బేగి రా మరిదీ!" అని అరిచింది యర్రమ్మ. "ఇన్నేళ్లు నువ్వు మాకోసం కాసినావని ఇప్పుడు మేం కాయాలేటి?"

"కాయండి" అన్నాడు సోంబరు.